కెనడాలో మన సభలకు ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్ రాయడం ఎలా?

ఉగాదికి నెల ముందు ఒకసారి, బతుకమ్మకు నెల ముందు మరోసారి నాకు వచ్చే సందేశాల్లో సగం ఒకే మాట అడుగుతాయి: "అక్కా, ఆ ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్ పేరా ఒకటి పంపిస్తారా?" సభ మొదట్లో, ఈ నేల ఏ ఆదివాసీ ప్రజలదో, ఏ ఒప్పందం కింద ఉందో చెబుతూ చదివే ప్రకటన అది. ఒకప్పుడు అడిగినవారికల్లా నా దగ్గరున్న పేరా పంపేదాన్ని, కానీ ఇప్పుడు పంపడం లేదు. స్థలం కొనేటప్పుడు పక్క ప్లాటు కాగితాలు తెచ్చి చూపిస్తే మనం ఒప్పుకోం గదా, ఇదీ అలాంటిదే. ప్రతి చిరునామాకూ దాని లింకు డాక్యుమెంట్లు వేరుగా ఉంటాయి, వాటిని ఎవరి సభకు వారే తిరగేసుకోవాలి. ఎలా తిరగేయాలో, తిరగేశాక ఏం రాయాలో, రాసి చదివాక ఏం చేయాలో కింద చెబుతున్నాను. నేనుండేది ఒంటారియోలో కాబట్టి ఎక్కువ ఉదాహరణలు ఇక్కడివే ఇచ్చాను. పద్ధతి మాత్రం కెనడాలో ఎక్కడైనా పనికొస్తుంది.

కావలసినవి

సభ జరిగే హాలు పూర్తి చిరునామా (సంఘం రిజిస్టరైన చిరునామా కాదు). ఆ ప్రాంతపు ఆదివాసీ నేషన్ తన వెబ్‌సైటులో తన గురించి తాను రాసుకున్న మాటలు. ఆ ఊరి మునిసిపాలిటీ వాడే ప్రకటన, పోల్చి చూసుకోవడానికి. రెండు మూడు గంటల తీరిక. పేర్లు పలికి వినిపించే వీడియో గాని ఆడియో గాని. వీటన్నిటికంటే ముందు, చదివిన తరువాత ఏం చేస్తారో కార్యవర్గం చేసిన ఒక తీర్మానం. ఈ చివరిది లేకుండా మొదలుపెడితే 5వ మెట్టు దగ్గర ఆగిపోతారు.

1. చిరునామాతో మొదలుపెట్టండి

నా తప్పు చెబితే ఈ మెట్టు ఎందుకో తెలుస్తుంది. కొన్నేళ్ళ కిందట వాటర్లూ వైపు ఒక ఉగాది సభలో నేను వ్యాఖ్యాతను. టొరంటో సభకు వాడిన కాగితమే సంచిలో ఉంది, తేదీ మార్చి అదే చదివేశాను. పచ్చడి పంచుతుండగా హాలు తాళాలు చూసుకునే పెద్దాయన దగ్గరికి వచ్చి, చేతిలో కాగితపు గ్లాసుతో, ఏమాత్రం కోపం లేకుండా అడిగాడు: "ఇక్కడికి గ్రాండ్ నది ఎంత దూరమో మీకు తెలుసా?" నాకు తెలియదు. ఆయన సిక్స్ నేషన్స్ మనిషి, అంటే గ్రాండ్ నది ఒడ్డున ఉండే, హోడెనోషోనీ అనే ఆరు నేషన్ల సమాఖ్యకు చెందినవాడు. నేను చదివిన ఒప్పందానికీ మేము నిలబడిన నేలకూ సంబంధమే లేదు.

కాబట్టి ముందు మ్యాపు తెరవండి. నేటివ్ ల్యాండ్ అనే ఆన్‌లైన్ మ్యాపులో చిరునామా కొడితే ఆ చోటికి చెందిన ప్రజల పేర్లు, భాషలు, ఒప్పందాలు రంగులుగా కనిపిస్తాయి.

జాగ్రత్త: ఆ రంగులు చట్టబద్ధమైన సరిహద్దులు కావని ఆ మ్యాపే చెబుతుంది. ఒకదానిపై ఒకటి పడిన అయిదారు పేర్లను ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే అది టెలిఫోన్ డైరెక్టరీ అవుతుంది. మ్యాపులో దొరికిన పేర్లను వెతుకులాటకు మొదలుగానే వాడుకోండి.

2. లింకు డాక్యుమెంట్లు వెనక్కి తిరగేయండి

ఇప్పుడు తేలాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ నేల గురించి ఒప్పందం ఉందా, లేదా? ఉంటే ఏది, ఏ సంవత్సరంలో, ఎవరితో?

టొరంటో నగరంలో ఎక్కువ భాగం 13వ ఒప్పందం కిందికి వస్తుంది. దాని కథ మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కథలా ఉంటుంది. 1787లో క్వింటే అఖాతం దగ్గర మిస్సిసాగా అనే ఆదివాసీ ప్రజల పెద్దలకూ బ్రిటిష్ అధికారులకూ మధ్య "కొనుగోలు" జరిగిందన్నారు. కొన్నేళ్ళకు దస్తావేజు తీసి చూస్తే, నేల హద్దులు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది, పెద్దల గుర్తులు వేరే చీటీల మీద గీసి దానికి అతికించి ఉన్నాయి. దాన్ని సరిదిద్దుకోవడానికి 1805లో మళ్ళీ రాయించుకున్నారు. అందులో 2,50,830 ఎకరాలకు చూపిన మొత్తం 10 షిల్లింగులు. మిస్సిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ ఫస్ట్ నేషన్ దీనిపై పోరాడగా, బ్రాంట్ ట్రాక్ట్ అనే మరో భూభాగపు దావాతో కలిపి, 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లకు పరిష్కారం కుదుర్చుకుంది. ఇదంతా వేదికపై చదవనక్కర్లేదు, రాసేవారికి తెలిసి ఉంటే చాలు. తెలిశాక "ఈ నేలను మనకు ప్రేమతో పంచిన" వంటి మాటలు చేతికి రావు.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్, మిస్సిసాగా ఉత్తర భాగం 1818 నాటి 19వ ఒప్పందం కింద ఉన్నాయి. దాన్ని ఎజిటాన్స్ ఒప్పందం అని కూడా అంటారు. మిస్సిసాగా దక్షిణాన సరస్సు వైపు పట్టీ 1806 నాటి 14వ ఒప్పందంలోకి వస్తుంది. క్రెడిట్ నది పక్కన మిగిలిన నేలకు 1820 నాటి 22, 23 ఒప్పందాలు చూడాలి. ఒకే ఊళ్ళో హాలు మారితే ఒప్పందం నంబరు మారుతుందన్న మాట. రోజుకు పదిసార్లు "మిస్సిసాగాలో ఉంటాం" అంటూ, అది ఒక ప్రజ పేరని తెలియకుండా ఏళ్ళు గడిపినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

కిచెనర్, వాటర్లూ, కేంబ్రిడ్జ్ హాల్డిమండ్ ట్రాక్ట్ మీద ఉన్నాయి. 1784లో గ్రాండ్ నదికి రెండు వైపులా ఆరేసి మైళ్ళ నేలను, అంటే సుమారు 9,50,000 ఎకరాలను, సిక్స్ నేషన్స్‌కు ఇస్తున్నట్టు బ్రిటిష్ ప్రకటన వెలువడింది. అందులో ఇప్పుడు వారి చేతిలో ఉన్నది సుమారు 46,000 ఎకరాలు.

కాల్గరీ 1877 నాటి 7వ ఒప్పందం, ఎడ్మంటన్ 1876 నాటి 6వ ఒప్పందం. ఆల్బర్టాలో మేటీ ప్రజలనూ (ఆదివాసీ, యూరోపియన్ మూలాలు కలిసి ఏర్పడిన ప్రజలు) ప్రస్తావించడం ఆనవాయితీ. వాంకూవర్‌కు వస్తే ఒప్పందమే లేదు. అది మస్క్వియమ్, స్క్వామిష్, స్లేల్-వాతూథ్ ప్రజలు ఎన్నడూ అప్పగించని నేల. ఒట్టావా కూడా ఆల్గాంక్విన్ అనిషినాబే ప్రజలు అప్పగించని నేలే.

జాగ్రత్త: "అప్పగించని" అన్న మాట వినడానికి బలంగా ఉందని ఎక్కడ పడితే అక్కడ వాడకండి. ఒప్పందం ఉంది కాబట్టి నేల ఇచ్చేశారని అనుకోవడమూ అంతే తప్పు. హాలిఫాక్స్ వైపు 18వ శతాబ్దపు "శాంతి, స్నేహ" ఒప్పందాలున్నాయి, కాని వాటిలో మిగ్మా ప్రజలు నేలను వదులుకోలేదు. ఏ మాట వాడాలో ఆ నేషన్ వెబ్‌సైటు చూసి నిర్ణయించుకోండి.

3. ఆ ప్రజలు ఇప్పుడెక్కడ ఉన్నారో కనుక్కోండి

మనవారు రాసే కాగితాల్లో చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. "ఒకప్పుడు ఇక్కడ నివసించిన ఆదివాసులకు నివాళి" అని రాస్తారు. నివాళి పోయినవారికి ఇచ్చేది. మిస్సిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ ప్రజలు 1847లో క్రెడిట్ నదిని వదిలి హేగర్స్‌విల్ దగ్గర, సిక్స్ నేషన్స్ పక్కన స్థిరపడ్డారు. వారి ప్రభుత్వం, కార్యాలయం అక్కడే ఉన్నాయి. బ్రాంప్టన్ నుంచి కారులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగల దూరం అది. మీ పేరాలో వారి గురించిన వాక్యాల్లో కనీసం ఒకటైనా వర్తమానంలో ఉండాలి.

4. పదాలు సరిచూసుకోండి

తెలుగులో రాసేటప్పుడు మనకు ప్రత్యేకంగా కొన్ని గుంటలున్నాయి. చిన్నప్పటి కథల పుస్తకాల నుంచి వచ్చిన "రెడ్ ఇండియన్లు" అన్న మాట నోటికి అలవాటై ఉంటుంది. అది అవమానకరమైన మాట, పూర్తిగా మానేయండి. "గిరిజనులు" అంటే కొండల్లో ఉండేవారని అర్థం, సరస్సు ఒడ్డు ప్రజలకు అది అతకదు. "ట్రైబ్" బదులు ఇక్కడ "నేషన్" అంటారు. తెలుగులో "ఆదివాసీ ప్రజలు", "మూలవాసులు" రెండూ సరిపోతాయి, కాని వాటి పక్కన ఆ నేషన్ సొంత పేరు తప్పక ఉండాలి. "మన ఆదివాసులు" అనకండి. వారు మనవారూ కారు, ప్రభుత్వం వారూ కారు.

ఫస్ట్ నేషన్స్, ఇనుఇట్ (ఆర్కిటిక్ ఉత్తరాది ప్రజలు), మేటీ అనేవి మూడు వేర్వేరు సముదాయాలు. దేశం మొత్తాన్ని ఉద్దేశించినప్పుడు మూడూ చెప్పండి. బ్రాంప్టన్ హాలులో నిలబడి ఇది ఇనుఇట్ నేల అంటే మాత్రం చిరునామా తప్పినట్టే. 1876 నాటి ఇండియన్ యాక్ట్ అదే పేరుతో ఇంకా అమల్లో ఉంది కాబట్టి చట్టం పేరుగా "ఇండియన్" అనవలసి వస్తే అనండి, మనుషుల పేరుగా కాదు. సభలో ఉన్న ఇండియన్లం మనమే గనుక ఆ గందరగోళం ఎలాగూ అక్కర్లేదు.

ఇంకొకటి. "మనమూ బ్రిటిష్ పాలనలో నలిగినవాళ్ళమే" అన్న వాక్యం దాదాపు ప్రతి చిత్తుప్రతిలో వస్తుంది. అది అబద్ధం కాదు, కాని ఈ కాగితంలో దానికి చోటు లేదు. ఇక్కడ మనం వలస వచ్చి ఈ నేల మీద ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళం. ఊరి నుంచి పోలిక తేవాలనే ఉంటే తెల్లవాడి వైపు కాకుండా మన ఏజెన్సీ వైపు చూడండి. అక్కడ ఆదివాసుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా 1970లో 1/70 చట్టం ఎందుకు తేవలసి వచ్చిందో, 1997లో ఏజెన్సీ భూముల్లో గనుల లీజులపై వచ్చిన సమత కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తెలిసినవారికి ఈ విషయం తొందరగానే అర్థమవుతుంది. ఆ పోలిక కూడా కార్యవర్గంలో మాట్లాడుకోవడానికే, వేదికపై వద్దు.

5. వాక్యాలు రాయండి

నిమిషం, మహా అయితే నిమిషంన్నర. వరుస ఇది: ఈ చోటు, ఒప్పందం, ఆ ప్రజలు ఇప్పుడు, మనం ఎలా వచ్చాం, మనం చేయబోయేది. నమూనా ఇస్తున్నాను. బ్రాంప్టన్‌లోని హాలుకు రాసినది, మీ హాలుకు మీరు మార్చుకోవాలి.

"ఈ సాయంత్రం మనం కూడిన ఈ హాలు, 1818లో మిస్సిసాగా ప్రజలకూ బ్రిటిష్ రాజ్యానికీ మధ్య జరిగిన 19వ ఒప్పందపు నేల మీద ఉంది. ఆ ప్రజలే నేటి మిస్సిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ ఫస్ట్ నేషన్. వారి ప్రభుత్వం హేగర్స్‌విల్ దగ్గర పనిచేస్తోంది. హోడెనోషోనీ, వెండాట్ ప్రజలకు కూడా ఈ ప్రాంతంతో తరతరాల సంబంధం ఉంది. మనం ఇక్కడికి వచ్చేసరికి ఈ నేల ఖాళీగా లేదు. ఈ ఏడాది మన సంఘం రెండు పనులు చేస్తానని తీర్మానించింది..., చేసిందో లేదో వచ్చే ఉగాదినాడు ఇదే వేదికపై చెబుతుంది."

చుక్కలున్న చోట మీ తీర్మానం రాయాలి. అక్కడ రాయడానికేమీ లేకపోతే ఆ పేరాను ఈ ఏడాదికి పక్కన పెట్టి ముందు 8వ మెట్టు చూడండి. ఉత్త మాటలు చదవడం కంటే ఒక ఏడాది ఆలస్యం మేలని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని మిత్రులున్నారు. చదవగా చదవగా పని మొదలవుతుందని వారి అనుభవం.

తెలుగులో చదవాలా, ఇంగ్లీషులోనా? రెండూ కుదిరితే రెండూ. ఒకటే అయితే తెలుగే మంచిది. సభలోని పెద్దవాళ్ళు ఇంగ్లీషు పేరా వినిపించగానే ఫోన్లు తీస్తారు, తెలుగు వినిపిస్తే తల ఎత్తుతారు.

6. పేర్లు పలకడం నేర్చుకోండి

ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదివితే నాలుక మడత పడుతుంది. ఇక్కడ మన లిపి ఎంతో ఉపయోగం. కాగితంలో పేర్లను తెలుగులోనే రాసుకోండి: హోడెనోషోనీ ("షో" మీద ఊనిక), అనిషినాబే ("నా" మీద ఊనిక), మేటీ (చివర "స్" పలకరు), మస్క్వియమ్. స్లేల్-వాతూథ్ వంటి పేర్లలో తెలుగు అక్షరానికి అందని ధ్వనులున్నాయి, అందుకే ఆ నేషన్ వారు పలికిన రికార్డింగు విని పదిసార్లు వెంట అనండి. మన ఊరి పేర్లను, ఇంటి పేర్లను ఇక్కడి ఆఫీసుల్లో ఎలా చిత్రవధ చేస్తారో మనకు తెలియనిది కాదు.

వేదికపై తడబడితే నవ్వి దాటవేయకండి. ఆగి, మళ్ళీ సరిగా పలికి, ముందుకు సాగండి.

7. ఎవరు, ఎప్పుడు చదవాలి

జ్యోతి వెలిగించడానికి, జాతీయగీతానికి ముందు చదవండి. మధ్యలో పెడితే స్పాన్సర్ల పేర్లకూ దీనికీ తేడా తెలియదు. సంఘం అధ్యక్షులో కార్యదర్శో చదవడం మంచిది, ఎందుకంటే చివర్లో ఉన్న హామీ వారిది. పిల్లల చేత చదివించడం చూడముచ్చటగానే ఉంటుంది, కాని పెద్దల బాధ్యతను పిల్లల మెడలో వేసినట్టవుతుంది. వెనక వేణువు సంగీతం, తెరపై ఈకల బొమ్మలు పెట్టకండి. చప్పట్లు అడగకండి.

ఆ నేషన్ పెద్దలనే పిలిచి సభను ఆరంభించమని కోరవచ్చు. అది వేరే విషయం: ఆతిథ్యం ఇచ్చే హక్కు వారిది, మనం చదివేది గుర్తింపు మాత్రమే. పిలవాలంటే కనీసం రెండు నెలల ముందు నేషన్ కార్యాలయానికి రాసి, వారి పద్ధతి ఏమిటో అడగండి. అనిషినాబే పెద్దలను (మిస్సిసాగా ప్రజలూ అనిషినాబేలే) కోరేటప్పుడు పొగాకు సమర్పించే ఆచారం ఉంది. అందుకుంటే కోరికను మన్నించినట్టు. తాంబూలం పుచ్చుకోవడం తెలిసిన మనకు దీన్ని వివరించనక్కర్లేదు. అన్ని ప్రజల్లోనూ ఈ ఆచారం లేదు కాబట్టి అడిగి తెలుసుకునే తీసుకెళ్ళండి. గౌరవ పారితోషికం, ప్రయాణ ఖర్చు కవరులో పెట్టి ఆ రోజే ఇవ్వండి. కూచిపూడి గురువుగారికి శాలువా కప్పి పంపేసే అలవాటు మనకుంది, దాన్ని ఇక్కడికి తేకండి.

8. చదివాక చేయవలసినవి

రెండు పనులు చాలు. పది రాసి ఒక్కటీ చేయకపోవడమే ఎక్కువగా చూస్తున్నాను.

రెసిడెన్షియల్ పాఠశాలల గురించి తెలుసుకోవడంతో మొదలుపెట్టవచ్చు. సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయి, వారి భాష మాట్లాడితే శిక్షించిన బడులవి. చివరివి 1990లలో గాని మూతపడలేదు. వాటిపై విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సూచనలు చేసింది. వాటిలో 93, 94 నేరుగా మనవంటి కొత్తగా వచ్చినవారి గురించినవే. 94వ సూచన ప్రకారం పౌరసత్వ ప్రమాణం 2021 జూన్‌లో మారింది. ఆ తరువాత ప్రమాణం చేసినవారందరూ ఫస్ట్ నేషన్స్, ఇనుఇట్, మేటీ ప్రజల హక్కులను గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తామని చేయెత్తి చెప్పినవారే. మీ సభ్యుల్లో కొత్త పౌరులుంటే ఆ ప్రమాణపు పాఠాన్ని మళ్ళీ ఒకసారి తీయించండి. సంఘంలో చర్చ మొదలుపెట్టడానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే.

దక్షిణ ఒంటారియోలో ఉంటే బ్రాంట్‌ఫర్డ్‌లోని వుడ్‌ల్యాండ్ కల్చరల్ సెంటర్‌కు సభ్యులను తీసుకెళ్ళండి. 1970 వరకు నడిచిన మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే రెసిడెన్షియల్ బడి ఆ ఆవరణలోనే ఉంది. రోజూ పెట్టిన జావను బట్టి పిల్లలు దానికి "మష్ హోల్" అని పేరు పెట్టారు. టికెట్టు కొని వెళ్ళండి, గుంపుగా వెళితే ముందే చెప్పండి, చిన్నపిల్లలతో వెళితే వారికి ముందుగా కొంత చెప్పి తీసుకెళ్ళండి.

సెప్టెంబరు 30 జాతీయ సత్య, సయోధ్య దినం. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వ సెలవు. బతుకమ్మ తరచు ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఇది మనకు ఏటా ఎదురయ్యే చిక్కు. బతుకమ్మను మానుకోమని ఎవరూ అడగరు, హాలు దొరికితే ఆ ఒక్క తేదీ తప్పించండి. తప్పనప్పుడు నారింజ రంగు చొక్కాలు వేసుకోమని సభ్యులకు చెప్పి, ఆ చొక్కాలు ఆదివాసీ వ్యాపారుల దగ్గర కొన్నవో, వారి సంస్థలకు డబ్బు చేరేవో అయి ఉండేలా చూడండి. 2013లో, అలాంటి బడిలో చదివిన ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆదివాసీ మహిళ చెప్పిన కథ నుంచి ఆ రంగు వచ్చింది: ఆరేళ్ళ వయసులో బడికి వేసుకెళ్ళిన కొత్త నారింజ చొక్కాను మొదటి రోజే లాగేసుకున్నారు. ఏ దుకాణానికి లాభమో తెలియని చొక్కా కొనడం కంటే పెట్టెలో ఉన్న పాత నారింజ చీర కట్టుకోవడం మంచిది.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

మీ పేరాను ఏమీ మార్చకుండా వేరే ఊళ్ళో చదవగలరేమో చూడండి. చదవగలిగితే పని ఇంకా పూర్తి కాలేదు. తరువాత క్రియలు లెక్కపెట్టండి. "ఉండేవారు, జీవించారు, కాపాడారు" అన్నవే ఉండి "ఉన్నారు" ఒక్కటీ లేకపోతే 3వ మెట్టుకు వెళ్ళండి. విశేషణాలు కొట్టేసి చదవండి: "పవిత్రమైన", "మహోన్నతమైన", "ప్రకృతి ఒడిలో" పోయాక ఏం మిగిలిందో అదే మీరు నిజంగా చెప్పింది. చివరగా సంఘం తీర్మానాల పుస్తకం తెరిచి, హామీ పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ, డబ్బు విషయమైతే ఒక అంకె ఉన్నాయో లేదో చూడండి.

సభ అయ్యాక ఎవరైనా వచ్చి తప్పు చూపిస్తే సమర్థించుకోకుండా వినండి, ధన్యవాదాలు చెప్పండి, ఏ పేరుతో ఎలా సరిదిద్దాలో అడిగి రాసుకోండి. ఆ రాత్రే ఫైలు తెరిచి సరిదిద్ది, హాలు చిరునామాను, తేదీని ఫైలు పేరులోనే పెట్టి దాచండి. వచ్చే ఏడాది కార్యదర్శి మారి, ఆవిడ తొందరలో ఆ ఫైలు తెరిచినప్పుడు, అది ఏ నేల గురించినదో మొదటి చూపులోనే తెలియాలి.